‘వేపుడుకు వీడ్కోలు’లో మా నాన్న

మన ఆరోగ్య శాఖ మంత్రిగారు నోరు విప్పితే మాట రాదు, పథకం వస్తుంది. ఈసారి వచ్చిన పథకం పేరు ‘వేపుడుకు వీడ్కోలు’.

శాఖ కార్యాలయం ముందు వేదిక కట్టి, మైకు పట్టుకుని, ఇకమీదట వేపుడు అనేది చరిత్ర పుస్తకాల్లో మాత్రమే కనిపిస్తుందని ఆయన ప్రకటించారు. నూనెలో వేగేవన్నీ ఓవెన్‌లో కాలతాయి. రుచి అదే, కరకర అదే, నూనె మాత్రం చెంచాడు. “ప్రజల నాలుకకు లోటు రానివ్వను, ప్రజల గుండెకు చేటు రానివ్వను” అని రెండు చేతులూ పైకెత్తారు. చప్పట్లు కొట్టినవాళ్ళందరికీ టీతో పాటు నూనెలో వేయించిన ఉల్లిపాయ చక్రాలు పంచారు. పథకం అప్పటికింకా అమల్లోకి రాలేదు కాబట్టి అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఆ చక్రాల పళ్ళెం పట్టుకు తిరిగింది మా నాన్నే. ఆయన ఆ కార్యాలయంలో అటెండరు. రెండేళ్ళ కిందట ఫైళ్ళ కట్ట మోసుకుంటూ మెట్ల మీద కూలిపోయాడు. గుండె సగం పనే చేస్తోందని, వేపుడు మానాలని, మెట్లెక్కకూడదని డాక్టరు రాసిచ్చాడు. అప్పటినుంచి శాఖవారు దయతలిచి కింది అంతస్తులో, తలుపు పక్కన ఒక కుర్చీ ఇచ్చారు. దాన్ని ‘తేలిక పని’ అంటారు. ఆ ఉత్తర్వు ఏడాదికోసారి కొత్తగా సంతకం పెట్టించుకోవాలి. సంతకం పెట్టాల్సింది ప్రత్యేకాధికారిగారు. ఆయన్ని అందరూ టార్గెట్ సార్ అంటారు. కొత్త పథకం కూడా ఆయనకే అప్పగించారు.

ఇక మా అమ్మ సంగతి. నాన్నకు వేపుళ్ళంటే ప్రాణం. ప్రాణం కావాలంటే వేపుళ్ళు మానాలన్నారు. అమ్మ ఈ రెంటికీ మధ్య దారి వెతికింది. మూతపడిన ఒక రొట్టెల దుకాణం నుంచి పాత ఓవెన్ తెచ్చింది. దాని తలుపు తీగతో కట్టి ఉంటుంది. తిప్పే మర లేదు, పట్టకారుతో తిప్పాలి. ఎంత వేడెక్కిందో చెప్పే అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. అమ్మ చిటికెడు పిండి లోపల చల్లి, అరవై లెక్కపెట్టేలోగా ఎరుపెక్కితే సరే అంటుంది. బంగాళాదుంపలు వేలంత పొడవు కోసి, నీళ్ళలో అరగంట నానబెట్టి, గుడ్డతో తడి లేకుండా ఒత్తి, ఒక్క చెంచా నూనె పట్టించి, ఒకదానికొకటి తగలకుండా పరుస్తుంది. సగంలో తిరగేస్తుంది. కోడి ముక్కలకు ఎండిన రొట్టె పొడి అద్దుతుంది. మొదటి నెలంతా అవి చెక్కముక్కల్లా వచ్చాయి. నానమ్మ వాటిని చూసి, పళ్ళు లేనిదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి బతికిపోయారర్రా అంది. తర్వాత తర్వాత కుదిరాయి. పోయినసారి నాన్న రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

టార్గెట్ సార్ ఒకరోజు నాన్న భోజనం డబ్బాలోంచి రెండు ముక్కలు తిన్నారు. మూడోది తింటూ ఇవి వేపుళ్ళా అని అడిగారు. కాదని తెలియగానే మా ఇంటిని పథకానికి మొదటి ఆదర్శ గృహంగా ఎంపిక చేశారు. అంత త్వరగా నిర్ణయం తీసుకునే అధికారులు అరుదు.

మర్నాడే ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఓవెన్‌ను నలువైపులా చూశారు, అమ్మను మెచ్చుకున్నారు. నెలకు నూనె ఎంత అని అడిగారు. అర లీటరని అమ్మ చెప్పింది. ఆయన కలం ఆగిపోయింది. నాన్న రక్తపరీక్ష కాగితం చూపించమన్నారు. అది చూశాక మంచినీళ్ళు అడిగారు.

“ఇంత బాగుంటే ఎలా అమ్మా? మేమేం బాగుచేస్తాం?” అన్నారు.

ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. ఫారంలో రెండు గళ్ళున్నాయి. ఒకటి ‘పథకానికి ముందు’, రెండోది ‘పథకం తర్వాత’. నూనె వాడకం నూటికి ఎనభై వంతులు తగ్గి తీరాలని మంత్రిగారి ఆదేశం. అర లీటరులో ఎనభై వంతులు తగ్గిస్తే దీపం వత్తికి కూడా చాలదు. కాబట్టి ముందు మమ్మల్ని పథకం లేని స్థితికి తీసుకురావాలని ఆయన తేల్చారు. నలభై రోజులు నూనెలో వేయించినవే తినాలి, ఆ తర్వాత శాఖ కొత్త ఓవెన్ ఇస్తుంది, అప్పుడు నలభై రోజుల్లో నాన్న బాగుపడతాడు. పథకానికి ముందే ఇంట్లో ఓవెన్ ఉండటం నిబంధనలకు విరుద్ధం గనుక, పాతదాన్ని సీలు వేసి శాఖ గోదాముకు తరలించారు. బదులుగా రెండు డబ్బాల నూనె దించారు.

అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. “ఆయన గుండె మీ ఫారంలో గడి కాదు సార్” అంది.

టార్గెట్ సార్‌కు కోపం రాలేదు. తేలిక పని ఉత్తర్వు ఈ నెలాఖరుకు ముగుస్తోందని మాత్రం నెమ్మదిగా గుర్తుచేశారు. నాన్న అమ్మను పక్కకు పిలిచాడు.

“నలభై రోజులేగా. కుర్చీ పోతే నాలుగు రోజులు కూడా బతకనే” అన్నాడు.

అమ్మ మూకుడు పొయ్యి మీద పెట్టింది.

నిజం చెప్పాలంటే మొదటి మూడు రోజులు మా ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. వేగిన బంగాళాదుంపల వాసనకు వీధిలో వాళ్ళు ఏదో ఒక వంకతో వచ్చిపోయారు. నానమ్మ ఉల్లిపాయ చక్రాలు చప్పరిస్తూ, ప్రభుత్వం అంటే ఇలా ఉండాలంది. నాన్న కూడా ప్లేటు ఖాళీ చేసి అమ్మవైపు దొంగచూపు చూశాడు. పదో రోజుకు ఆయన గడప దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టాడు. ఇరవయ్యో రోజుకు చెప్పులు వేసుకోవడానికి వంగలేకపోయాడు. అమ్మ ఆయన ప్లేటులోంచి సగం ముక్కలు తీసి నా ప్లేటులో వేసేది. టార్గెట్ సార్ మాత్రం వారం వారం స్వయంగా వచ్చి నాన్న బరువు చూసేవారు. తగ్గితే మొహం చిన్నబుచ్చుకునేవారు.

ముప్ఫై ఎనిమిదో రోజు రక్తపరీక్ష కాగితం వచ్చింది. టార్గెట్ సార్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివారు. ప్రతి అంకె పక్కనా ఎర్ర గుర్తే. నాన్న చేయి పట్టుకుని ఊపి అభినందించారు. ఇలాంటి కాగితాలు చూస్తేనే పని చేయాలనిపిస్తుందన్నారు. అక్కడే, మా గోడకు ఆనించి, తేలిక పని ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. మాట నిలబెట్టుకునే మనిషి.

మిగతాదంతా సవ్యంగానే జరిగేది. కానీ మంత్రిగారికి ఫలితాలు వెంటనే చూడాలనిపించింది. రెండు రోజుల్లో మా ఇంటికి వస్తున్నామని కబురు వచ్చింది. కొత్త ఓవెన్ అప్పటికి ఇంకా రాలేదు, ముందురోజు సాయంత్రం వచ్చింది. నలభై రోజుల బాగుపడటం ఒక్క పూటలో ఎలా అని నాన్న భయపడ్డాడు.

“తర్వాతి రిపోర్టు మన దగ్గర ముందే ఉంది కదయ్యా” అన్నారు టార్గెట్ సార్.

పాత కాగితం తీసుకుని ‘పథకం తర్వాత’ గడి దగ్గర పిన్ను చేశారు. తేదీల సంగతి అమ్మ అడిగింది. అవి క్లర్కు చూసుకుంటాడన్నారు.

కొత్త ఓవెన్ ఎంత గొప్పదంటే, దాన్ని ఆన్ చేయగానే వీధి మొత్తం కరెంటు పోయింది. మంత్రిగారు పది నిమిషాల్లో వస్తారనగా కార్యాలయం క్యాంటీన్ నుంచి నూనెలో వేయించిన బంగాళాదుంప ముక్కలు తెప్పించి, కాగితాలతో అద్ది, చల్లటి ఓవెన్‌లో సర్దారు. ఫొటోలవాళ్ళ ముందు మంత్రిగారు తలుపు తెరిచి, ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

“ఇది నూనెలో వేగలేదంటే ఎవరైనా నమ్ముతారా?” అన్నారు.

నమ్మడం కష్టమేనని అందరూ ఒప్పుకున్నారు.

తర్వాత మంత్రిగారు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి పైకి చదివారు. మరణం అంచునుంచి తిరిగొచ్చిన మనిషి ఎవరని అడిగారు. నాన్నను ముందుకు తోశారు. చెమటలు పడుతున్న మొహంతో నాన్న నమస్కారం పెట్టాడు. మంత్రిగారు భుజం మీద చేయి వేసి, ఏ పని చేస్తావని అడిగారు. కింది అంతస్తులో కుర్చీ అని, తేలిక పని అని నాన్న చెప్పాడు.

మంత్రిగారు టార్గెట్ సార్ వైపు తిరిగారు. “ఇంత ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి మూల కూర్చోబెట్టారా? నా పేషీకి పంపండి. అయిదో అంతస్తు. నా ఫైళ్ళన్నీ ఇతనే మోయాలి. జనం చూడాలి.”

సార్ అక్కడికక్కడే జేబులోంచి తేలిక పని ఉత్తర్వు తీసి అడ్డంగా గీత కొట్టేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న కూడా కొట్టాడు.

కొత్త ఓవెన్ మర్నాడే రెండో ఆదర్శ గృహానికి వెళ్ళిపోయింది. పాతదాని కోసం అమ్మ గోదాముకు మూడుసార్లు తిరిగింది. పథకం విజయవంతంగా నడుస్తోంది గనుక సీలు ఇప్పట్లో తీయరట. అమ్మ ఇప్పుడు బంగాళాదుంపలు ఉడకబెడుతోంది.

కార్యాలయంలో లిఫ్టు అధికారులకే. కొత్తగా మెట్ల మలుపు మలుపునా నాన్న ఫొటోతో నిలువెత్తు పోస్టర్లు అంటించారు. చిరునవ్వు, నమస్కారం, కింద ‘గుండెను గెలిచినవాడు’ అని పెద్ద అక్షరాలు. నాన్న రోజూ ఫైళ్ళ కట్ట మోసుకుంటూ ఎక్కుతాడు. ప్రతి పోస్టరు దగ్గరా ఆగుతాడు. కట్టను మోకాలి మీద ఆనించి, గోడకు అరచేయి పెట్టుకుని, ఆ బొమ్మకేసి చూస్తూ నిలబడతాడు. ఒక్కోసారి అయిదు నిమిషాలు, ఒక్కోసారి పది.

పక్కనుంచి దిగిపోయేవాళ్ళు నవ్వుకుంటారట, ఈయనకు తన ఫొటో మీద ఇంత మోజేమిటని.