పట్టాల టీవీ రజతోత్సవం

ఉదయం ఎనిమిదికి చరిత్ర ప్రసారం చేసి, తొమ్మిదికల్లా ఇంటికెళ్ళి దోసెలు తిందామనుకున్నాడు ప్రేమ్‌కుమార్. ఆ చరిత్ర ఆయన పెట్టిన ‘పట్టాల టీవీ’ది. రైల్వేవాళ్ళు ఉండే ట్రాఫిక్ కాలనీలో ఒక డాబా మీది రేకుల గదిలో పుట్టి, పాతికేళ్ళుగా ఆ గది గుమ్మం దాటని ఛానెల్ అది. జనం ఒక్కొక్కరే కనెక్షన్ తీయించేసి ఫోన్లకు అంటుకుపోయారు. మిగిలిన నూట పన్నెండు ఇళ్ళవాళ్ళయినా రజతోత్సవం చూసి కరిగిపోయి ఆగుతారని ఆయన ఆశ.

చరిత్ర అంటే దొరికింది ఒక్క క్యాసెట్టే, మొట్టమొదటి రోజు వార్తలది. ఓసారి ముందుగా చూసుకుందామంది ప్రశాంతి. అప్పుడూ ఇప్పుడూ ఆ ఛానెల్లో వార్తలు చదివేది ఆవిడే.

"నాను తీసిందే కదా, మళ్ళీ సూడ్డం ఏటి?" అన్నాడు ప్రేమ్‌కుమార్. ఇవి పాతికేళ్ళ నాటి వార్తలనే ముక్క మొదట్లో ఒక్కసారి వేసి, టీకి మెట్లు దిగాడు.

ఆ ముక్క ఎవరూ చూడలేదు. జనం టీవీ పెట్టేసరికి, మధ్యాహ్నం నుంచి మూడు రోజులు ట్రాఫిక్ కాలనీలోనూ పక్కపేట పూరీ గేట్‌లోనూ కుళాయి నీళ్ళు రావని తెర మీద ప్రశాంతి చదువుతోంది. అప్పటికి ఆవిడ పడుచుపిల్ల. కానీ పట్టాల టీవీలో బొమ్మ మనిషి వయసు తెలిసేంత స్పష్టంగా ఏనాడూ రాలేదు.

పక్క క్వార్టర్లోని సింహాచలమ్మ బిందెలు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కరు కూడా నింపి, పూరీ గేట్‌లోని చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు పొరుగింటి బెంగాలీ దీదీకి చెప్పింది. పదింటికల్లా గోల్‌బజార్‌లో బకెట్ అన్నది దొరకలేదు.

సంగతి తెలిసి ప్రేమ్‌కుమార్ ఒగరుస్తూ పైకొచ్చి, ప్రశాంతిని కెమెరా ముందు కూర్చోబెట్టాడు. పరువు పోతుందని పాత క్యాసెట్ మాట ఎత్తకుండా, నీళ్ళ గురించి ఎవరూ కంగారు పడొద్దని మాత్రం ఆవిడ మూడు భాషల్లో చెప్పింది. కంగారు పడొద్దంటున్నారంటే ఏదో పెద్దదే ఉందని, అప్పటిదాకా పట్టుకోనివాళ్ళు కూడా కుళాయిలు తిప్పేశారు. పన్నెండున్నరకు ట్యాంకు అడుగంటింది. కుళాయిలు గాలి ఊదాయి.

మెట్ల మీద జనం చప్పుడు వినపడగానే ప్రేమ్‌కుమార్ గడియ పెట్టి, ఛానెల్ మూసేస్తున్నానని కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. పాత క్యాసెట్టని ఒప్పేసుకుని దండం పెట్టేస్తానన్నాడు. ప్రశాంతి వెళ్ళి తలుపు తీసింది.

అందరికన్నా ముందు సింహాచలమ్మ ఉంది. "బాబూ, నువ్వు సెప్పబట్టి మా ఇంట్లో గొంతులు తడుస్తున్నాయి. ఇన్ని ఫోన్లున్నాయి, ఒక్కదాన్లోనైనా ఈ కబురు వచ్చిందేటి?" అంది. నిరుడు కనెక్షన్ తీయించేసిన సమూయేలు, అది మళ్ళీ ఇప్పించమన్నాడు. ఆయన వెనక ముప్పై మంది అదే మాట మీద నిలబడ్డారు.

నిజం చెప్పడానికి ప్రేమ్‌కుమార్ నోరు తెరిచాడు. ప్రశాంతి ఆయన కాలు తొక్కింది. తెరిచిన నోటిని వృథా చేయకుండా, "పాతికేళ్ళుగా మా పని ఇదే కదండీ" అన్నాడు.

ఆ మధ్యాహ్నం కాలనీ మొత్తంలో చుక్క నీరు లేని ఇల్లు ఒక్కటే ఉంది, వార్త పాతదని తెలిసిన ప్రేమ్‌కుమార్‌ది.