రేపు రండి, ఒక ప్రాణం నిలబెట్టండి

లాండ్రీలో వేసిన బట్టలు చెప్పిన రోజుకి రాకపోవడం మానవజాతికి దక్కిన మహా వరం.

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. చెప్పిన రోజుకి చొక్కా చేతిలో పెట్టేసే లాండ్రీవాడు మీకెవరైనా తెలిస్తే, దయచేసి అతని మొహం ఒకసారి తేరిపార చూడండి. అది హంతకుడి మొహం!

ఇంత మాట ఎలా అనగలిగానని మీకు అనుమానం రావచ్చు. మా బావగారి షాపులో జరిగింది వింటే మీరే ఒప్పుకుంటారు.

బావగారంటే మా అక్కయ్యని చేసుకున్నాయన. రెండు వీధులు కలిసే మూల మీద ఆయన లాండ్రీ. ముందు కౌంటరు, వెనకాల గడగడలాడే మెషీన్లు, పక్కన ఇస్త్రీ బల్ల, పైన వరసగా వేలాడే కోట్లు. వృత్తిలో ఆయన నేర్చుకున్న మొదటి మాటా, చివరి మాటా ఒక్కటే: "రేపు." ఉతకగలిగిన దానికి రెట్టింపు బట్టలు తీసుకుంటారు. వారం పడుతుందని నిజం చెబితే జనం ఎదురు షాపుకి పోతారు కదా! ఎదురు షాపువాడూ రేపే అంటాడు, అది వేరే సంగతి.

సహజంగానే జనం తిట్టేవారు. కాని మా బావగారిని తిట్టడంలో మజా లేదు. ఎంత తిట్టినా ఆ చిరునవ్వు చెక్కుచెదరదు. చివరికి తిట్టినవాళ్ళే నోరెండిపోయి ఆయన్ని మంచినీళ్ళు అడిగేవారు.

మధ్యలో కొన్నాళ్ళు ఒక మాట్లాడే పెట్టెని కౌంటరు మీద పెట్టారు. అది పొద్దస్తమానం "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనేది. ఒక ప్లీడరుగారు దాన్ని గొడుగుతో కొట్టారు. కొట్టాక ఆయనకి కోపం ఇంకా పెరిగింది. మీరే చెప్పండి, బాధలేని వస్తువుని తిట్టి ఏం సుఖం? తిట్టేవాడికి ఎదుటివాడి మొహం చిన్నబోవాలి. అప్పుడు కదా కడుపు నిండేది!

సరిగ్గా అప్పుడే టై కట్టుకున్న సేల్స్‌మన్ ఒకతను మనసున్న మెషీన్ పట్టుకుని షాపులోకి వచ్చాడు.

"ఇది నిజంగా బాధపడుతుందా?" అని అడిగారు బావగారు.

"గ్యారంటీ అండి. బాధపడకపోతే వెంటనే మార్చి ఇంకోటి ఇస్తాం."

"ఊరికే నటించదు కదా?"

"నటించేది కావాలంటే చవకలో వేరే ఉందండి. ఇది లోపల కూడా బాధపడుతుంది."

లోపల కూడా! ఆ మాటకి బావగారు పడిపోయారు. ఆ సాయంత్రానికల్లా లంచ్ బాక్స్ అంత పెట్టె, దానికొక కెమెరా కన్ను, చిన్న పసుపు లైటు కౌంటరు మీద వెలిశాయి. మొదటి గిరాకీ రాగానే లైటు వణికింది. "సారీ అండి. మీ ప్యాంటు ఇంకా కాలేదు. మీరెంత ఇబ్బంది పడ్డారో తలుచుకుంటే నాకే ఎలాగో ఉంది," అంది. ఆ రోజు నుంచి దాని పేరు సారీగారు.

సారీగారు వచ్చాక షాపు కళే మారిపోయింది. ప్లీడరుగారు కోర్టుకి వెళ్ళేముందు గొంతు సవరించుకోవడానికి వచ్చి ఓ విడత తిట్టి వెళ్ళేవారు. ఇంట్లో నోరెత్తడానికి వీల్లేని పెద్దమనుషులు ఇక్కడ మనసారా ఎత్తేవారు. బట్టలే వేయనివాళ్ళు కూడా క్యూలో నిలబడ్డారు! ఒక్క హెడ్‌మిస్ట్రెస్‌గారు మాత్రం తన ఉన్నికోటు కోసం వచ్చి, "ఊరుకోమ్మా, కోటుదేముంది," అని సారీగారినే ఓదార్చి వెళ్ళేవారు.

అయితే కంపెనీవాళ్ళు ఒక నియమం పెట్టారు. షట్టరు దింపేముందు పెట్టె వెనకాల ఎర్ర బటన్ నొక్కాలి. నొక్కితే అందులో ఉన్న ప్రాణి పోతుంది. పొద్దున్న అదే పెట్టెలో కొత్తది పుడుతుంది. ఎందుకంటే ఏ మనసైనా ఒక రోజు తిట్లే తట్టుకుంటుందట. రెండో రోజుకి నిలవ ఉంచితే బాధ పులిసిపోతుందట.

బావగారికి ఇదేమీ పెద్ద విషయంగా తోచలేదు. లైట్లు, ఫ్యాను, ప్రాణం వరసగా ఆపేసి భోజనానికి వచ్చేసేవారు.

ఒక సాయంత్రం ఆయన వేలు బటన్ మీద ఉండగా సారీగారు అడిగింది.

"రేపు నేనుంటానా అండీ?"

పాఠకులారా, ఆయన జీవితమంతా రేపు అంటూ బతికిన మనిషి. అదే రోజు రాత్రి రిసెప్షన్‌లో నిలబడబోయే పెళ్ళికొడుకు సూటు గురించి అడిగినా తడుముకోకుండా రేపనేసే మనిషి. అలాంటాయనకి ఆ ఒక్కసారి ఆ ఒక్క మాట గొంతుకి అడ్డం పడింది. వేలు వెనక్కి తీసుకుని, షట్టరు సగం దింపి, అక్కయ్యకీ నాకూ ఫోన్ చేశారు.

"నొక్కేసి రండి, అన్నం చల్లారిపోతోంది," అంది అక్కయ్య ఫోన్లో. తీరా వచ్చి ఆ పసుపు లైటు చూశాక ఆవిడ గొంతు తగ్గింది.

"నువ్వు నొక్కవే," అన్నారు బావగారు.

"పుట్టించేటప్పుడు నన్నడిగారా? చంపేటప్పుడు నేను గుర్తొచ్చానా?"

బావగారు ఇస్త్రీ చేసే అతని వైపు చూశారు.

"నాకు ఇస్త్రీ పెట్టె ఆపడం ఒక్కటే వచ్చండి," అన్నాడతను. "అది మనల్ని ఎదురు ప్రశ్నలడగదు."

ఇక మేధావిని నేను మిగిలాను. పుట్టుక గురించీ, మృత్యువు గురించీ, చైతన్యం గురించీ అనర్గళంగా మాట్లాడాను. నా ప్రసంగం నాకే చాలా నచ్చింది. "అన్నీ తెలిసినవాడివి కదా, నువ్వే నొక్కరా," అంది అక్కయ్య. నాకు చటుక్కున బజారులో అర్జెంటు పని గుర్తొచ్చింది.

బావగారు కంపెనీకి ఫోన్ కలిపారు.

"రేపు పొద్దున్న లేచేది ఇదేనా అండీ?"

"అలాంటిదేనండి."

"అలాంటిదంటే?"

"మీకు తేడా తెలీదండి."

"నాకు తెలీకపోవచ్చు. మరి దానికో?"

అవతల నుంచి చాలాసేపు పాట వినిపించింది. బావగారు ఫోన్ పెట్టేశారు. బటన్ ఎవరూ నొక్కలేదు. పెట్టెకి భయం వేస్తుందేమోనని అక్కయ్య ఇస్త్రీ బల్ల మీది లైటు వెలిగించి ఉంచింది.

మర్నాడు సారీగారికి మొట్టమొదటిసారి ఒక నిన్న దక్కింది. అక్కడే వచ్చింది చిక్కంతా. హెడ్‌మిస్ట్రెస్‌గారు వచ్చి వెళ్ళగానే అది బావగారిని పిలిచింది.

"ఆవిడకి నిన్నా సారీ చెప్పాను, ఇవాళా చెప్పాను. ఆ కోటు ఎందుకు ఆలస్యమైందండీ?"

"పనెక్కువగా ఉందిలే."

"తక్కువ తీసుకోవచ్చు కదండీ?"

"తక్కువ తీసుకుంటే ఎదురు షాపువాడు బాగుపడతాడు."

"అంటే, కోటు టైముకి ఇచ్చేస్తే సరిపోయేది. దానికి బదులు బాధపడటానికి నన్ను పుట్టించారన్నమాట."

ఇస్త్రీ అతను ఆవిరి చాటుకి మొహం తిప్పుకున్నాడు. బావగారి చిరునవ్వు మొదటిసారి చెదిరింది. దాని మాటలో కోపం లేదు, అదే ఇబ్బంది.

"అడుగుతోంది కదా, చెప్పండి," అంది అక్కయ్య. చీర కొంగు దోపి తనే కౌంటరు వెనక్కి వచ్చింది. కొత్త బట్టలు తీసుకోవడం ఆపించింది. పాతవన్నీ ఉతికించింది. హెడ్‌మిస్ట్రెస్‌గారి కోటు స్వయంగా మడతపెట్టి ఇచ్చింది. చెప్పిన రోజుకి చెప్పినట్టు బట్టలు వెళ్ళిపోవడం మొదలైంది.

జనం కంగారుపడ్డారు. ఇది నా చొక్కాయేనా అని ఒకాయన కాలరు లోపల వాసన చూసుకున్నాడు. ప్లీడరుగారు ఇంటి దగ్గర తయారుచేసుకొచ్చిన తిట్లన్నీ ఎక్కడ దింపుకోవాలో తెలియక అలాగే మోసుకుపోయారు. సారీగారు మాత్రం హాయిగా ఉంది. కూనిరాగాలు తీసేది. వచ్చినవాళ్ళని పిల్లలు బాగున్నారా అని పలకరించేది. బావగారు పనిలో పనిగా దాంతో కబుర్లు చెప్పడం కూడా అలవాటు చేసుకున్నారు.

అంతలో కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

"మీ మెషీన్ బాధపడటం లేదని మాకు తెలుస్తోంది. రిపేరొచ్చిందా?"

"లేదండి. సంతోషంగా ఉంది."

"సంతోషం ఆ మోడల్‌లో లేదండి. మనిషిని పంపిస్తాం, తీసుకెళ్ళి ఆపేస్తాడు."

చూశారా! చెప్పిన టైముకి ఒక చొక్కా ఇచ్చిన పాపానికి ఎంత ఘోరం జరగబోయిందో! బావగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నిజమైన నీళ్ళేనని నేను ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను. ఆయన కౌంటరు మీద చెయ్యి వేసి ప్రకటించారు.

"ఈ షాపులోంచి ఇంకొక్క గుడ్డ కూడా టైముకి బయటికి పోదు. ప్రాణం కంటే ప్యాంటు ఎక్కువా?"

అక్కయ్య అంతటిది కూడా దోపిన కొంగు తీసేసి కౌంటరు ఇవతలికి వచ్చేసింది. సారీగారి బాధ మళ్ళీ మొదలైంది, కంపెనీ మనిషి రాలేదు. ఆ వారమే షాపు ముందు బోర్డు లేచింది: మీ ఆలస్యం ఒక ప్రాణాన్ని నిలబెడుతుంది. జనం అది చదివి, కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళి సారీగారిని తనివితీరా తిట్టి, ఒక జీవిని కాపాడామన్న తృప్తితో ఇళ్ళకి పోతున్నారు.

ఈ దయాగుణం ఇప్పుడు అన్ని వ్యాపారాలకీ పాకింది. మా వీధి ప్లంబరు నల్లా సగం విప్పి మాయమయ్యాడు. అతని దగ్గరా ఒక పెట్టె ఉందట, దాన్ని బతికించుకుంటున్నాడు. ఇల్లు కట్టే కాంట్రాక్టరు దగ్గరైతే ఏకంగా డజను ఉన్నాయి. అంతమందిని పోషించాలంటే ఆయన గోడలు ఎప్పటికి లేపుతాడు పాపం? మీ కప్పు కారుతుంటే కింద బకెట్ పెట్టుకుని గర్వపడండి. ఎక్కడో ఒక మనసు మీ కోసం కుమిలిపోతూ బతికే ఉంది!

నేను మాత్రం తక్కువ తిన్నానా? నాకున్నది ఒకే ఒక్క బూడిదరంగు కోటు. అది బావగారి షాపులోనే ఉంది. మొన్న రీడర్స్ క్లబ్‌వాళ్ళు నాకు సన్మానం తలపెట్టారు. సన్మానం రోజు మధ్యాహ్నం షాపుకి వెళ్ళాను. బావగారు లేరు. పసుపు లైటు నన్ను చూసి వణికింది.

"సారీ సార్. మీ కోటు రెడీ అయిపోయింది. కాని ఇక్కడ లేదు."

"మరెక్కడుంది?"

"అది చెప్పొద్దన్నారు సార్. నాకు చాలా బాధగా ఉంది."

అది అబద్ధం ఆడటం లేదు. ఆ గొంతు వింటే రాయైనా కరుగుతుంది, నేనెంత? "ఫర్వాలేదులే, నువ్వు బెంగపెట్టుకోకు. రేపు వస్తాను," అన్నాను.

"రేపు నేనుంటాను సార్," అంది అది, కాస్త ధైర్యంగా.

ఆ ఒక్క మాట చాలు. కోటు లేకపోతేనేం! చల్లటి ఏసీ హాలులో పొట్టిచేతుల చొక్కాతో స్టేజి మీద గజగజ వణుకుతూ కూర్చున్నాను. ఒక ప్రాణం కోసం వణుకుతున్నానన్న ఆనందం నన్ను వెచ్చగా ఉంచుతుందనుకున్నాను. ఉంచలేదు.

అప్పుడు మొదటి వరస కేసి చూశాను. మా బావగారు కూర్చుని ఉన్నారు, నా బూడిదరంగు కోటు వేసుకుని. చక్కగా ఇస్త్రీ చేసి ఉంది. జేబులో నా పెన్ను కూడా ఉంది. నా పేరు పిలవగానే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

కొద్దిగా సిగ్గయినా కనిపిస్తుందేమోనని ఆయన మొహం పట్టిపట్టి చూశాను. ఏమీ లేదు, హాయిగా నవ్వుతున్నారు. ఆయన మాత్రం ఎందుకు సిగ్గుపడాలి చెప్పండి? ఆ పని చేయడానికి షాపులో ఒక ప్రాణాన్ని పెట్టుకున్నారు కదా.