ఎలుగుబంటి ఇంట తేనెచిలుక

రండి, రండి. సంచులు గోడవారగా పెట్టి దగ్గరికి జరగండి. వెనకున్నవాళ్ళు ముందుకు రండి, ముందున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకోండి. ఎవరి జేబులోనైనా వేరుశనక్కాయలుంటే ఇప్పుడే తినేయండి. కథ మధ్యలో పటపటమంటే ఎలుగుబంటి మాట నాకే వినబడదు. సర్దుకున్నారా? సరే.

ఒక పెద్ద అడవిలో జూలప్ప అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒళ్ళంతా జూలు, మనసంతా తేనె. ఏ కొండచరియకు పట్టు వేలాడుతోందో, ఏ తొర్రలో జుంటితేనె ఊరుతోందో తేనెటీగల కంటే ముందు అతనికే తెలిసేది.

ఆ అడవిని ఏలేది ఒక పెద్దపులి. పులిదొరకు ఒక సభ, సభలో తలా ఒక పదవి. ఆ ఏడు ఒక పదవి ఖాళీ అయింది. తేనెపట్టుల సంరక్షకుడి పదవి.

ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి జూలప్పకు కాలు నిలవలేదు. "దొంగలా చెట్టెక్కితే కుడతాయి. సంరక్షకుడిలా ఎక్కితే దండం పెడతాయి. ఎక్కేది అదే చెట్టు, నాకేది అదే తేనె" అనుకున్నాడు.

అయితే ఆ అడవిలో పదవి కావాలంటే ఒక నియమం ఉంది. ముందుగా ఒక చిన్న చిలుకను తెచ్చుకుని నెల రోజులు సాకి చూపించాలి. పులిదొర ఒకప్పుడు ఒక చిలుకను పెంచాడు, తినకుండా. ఏ పులీ చేయని పని. అడవంతా మెచ్చుకుంది. ఆ మెప్పు తలకెక్కి, "అరచేతిలో పట్టే ప్రాణిని సాకలేనివాడు అడవినేం సాకుతాడు?" అని చాటింపు వేయించాడు.

మాట మంచిదే. మంచిమాట ఆఫీసు గుమ్మం తొక్కాక ఏమవుతుందో చూద్దాం.

ఆఫీసంటే పెద్దదేం కాదు. ఒక బండ, బండ మీద కొండముచ్చు గుమాస్తా తోకేశ్వరం, పక్కన టేకాకుల కట్ట. ఆ అడవిలో దరఖాస్తులన్నీ టేకాకుల మీదే.

"చిలుక అనగానే అన్నీ ఒకటే అనుకుంటారు మీరు" అన్నాడు తోకేశ్వరం, వరసలో నిలబడ్డవాళ్ళతో. "జంటచిలుకలున్నాయి. వాటి కబుర్లు వాటికే సరి, ఇంటిపట్టున ఉండనివాళ్ళకు బాగుంటాయి. ఈలచిలుకుంది. భుజం దిగదు, పొద్దస్తమానం పలకరిస్తూ ఉండాలి. కొరుకుడుచిలుకుంది. చూడటానికి పిడికెడే, ముక్కుకు మాత్రం మంచంకోడు కూడా ఆగదు. మీ బతుకు ఎలాంటిదో ఉన్నదున్నట్టు రాసిస్తే, దానికి తగ్గ చిలుకను నేనిస్తాను."

ముందున్నది అలుగు. నోట్లో పళ్ళు లేని, ఒంటినిండా పెంకులున్న పెద్దమనిషి. ఆయన ఉన్నదున్నట్టే రాశాడు: చీమలు తింటాను, ఎవరైనా మాట్లాడితే చుట్టుకుపోతాను.

తోకేశ్వరం ఆకును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇలాంటి బతుక్కి మా దగ్గర చిలుక లేదయ్యా. బతుకు మార్చుకుని రా."

అలుగు అక్కడే చుట్టుకుపోయాడు. ఎవరో కాలితో నెడితే పక్కకు దొర్లాడు. వరస ముందుకు కదిలింది.

జూలప్ప తన ఆకును ఇంటికి తెచ్చుకుని, భార్య నేరేడమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఎన్నింటికి లేస్తారు అని అడిగాడే."

"ఎండ వీపు కాల్చినప్పుడు అని రాయి" అంది నేరేడమ్మ.

జూలప్ప రాశాడు: తెల్లవారుజామునే, స్నానానికి.

"ఇంట్లో చప్పుడెంత?"

"నీ గురకకు మొన్న ఉడుతపిల్లలు గూట్లోంచి జారిపడ్డాయి కదయ్యా."

జూలప్ప రాశాడు: ఆకు రాలినా వినబడుతుంది.

"ఆహారం?" అని తనే అడిగి, తనే రాసుకున్నాడు: దుంపలు, నేరేడుపళ్ళు. తేనె ముట్టను. వాసన కూడా పడదు.

నేరేడమ్మ నవ్విన నవ్వుకు చెట్టు మీది గబ్బిలాలు లేచిపోయాయి. "ఏమయ్యా, చదివినవాళ్ళు ఎవరింటి సంగతో అనుకోరూ?"

"పిచ్చిదానా, బతికేది వేరు, రాసేది వేరు. నీ సంబంధం కుదిరేటప్పుడు మీ నాన్న ఏమన్నాడు? మా పిల్ల గట్టిగా నవ్వదు అన్నాడా లేదా?"

నేరేడమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ నవ్వింది.

మర్నాడు ఆఫీసు దగ్గర జూలప్ప కంటే ముందు ఇద్దరున్నారు. గుంటనక్క తన ఆకులో 'మితభాషిని' అని రాసింది. తోకేశ్వరం దానికి క్షణం నోరు మూయని వాగుడుచిలుకను ఇచ్చాడు. "మీ ఇల్లు మరీ మౌనంగా ఉన్నట్టుంది. ఇది సందడి చేస్తుంది" అన్నాడు. అడవిదున్న 'అడుగు తీసి అడుగు మెత్తగా వేస్తాను' అని రాశాడు. అతనికి నేల మీదే తిరిగే పొట్టిచిలుకను ఇచ్చాడు. "మీ కాళ్ళ దగ్గరైతేనే దీనికి భయం ఉండదు" అన్నాడు. దున్న పాపం, అక్కడినుంచే మునివేళ్ళ మీద ఇంటికి నడిచాడు.

జూలప్ప ఆకును తోకేశ్వరం రెండుసార్లు చదివాడు. మొహం వెలిగిపోయింది.

"తమలాంటివారి కోసమే ఆరు నెలలుగా చూస్తున్నానండీ. నా దగ్గరొక తేనెచిలుకుంది. తేనె తప్ప ఇంకేం తాగదు. ఎవరికిద్దామన్నా భయం, దాని నోటిది వీళ్ళు లాక్కుంటారని. తేనె వాసనే పడని ఇల్లు దొరికిందంటే దాని అదృష్టం."

అంటూ ఆకు మీద పులిదొర పంజా ముద్ర కొట్టి, గుప్పిట తెరిచాడు. బొటనవేలంత చిలుక. పచ్చని ఒళ్ళు, ఎర్రని ముక్కు. వచ్చీరాగానే జూలప్ప చెవిని పట్టుకుని తలకిందులుగా వేలాడి నిద్రపోయింది.

"పేరు చింతాకు. పడుకోవడం అలాగే" అన్నాడు తోకేశ్వరం. "ఇదిగో, పులిదొర పంజా ముద్ర వేసిన చీటీ. చూపిస్తే తేనెటీగలు రోజుకొక దొప్ప తేనె ఇస్తాయి. నెల తిరిగేసరికి చిలుక చిక్కిపోయిందో, పదవి లేదు."

జూలప్పకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మొదటి రోజు తేనె తెచ్చి చిలుక ముందు పెట్టి, తను గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చిలుక జుర్రుమంటూ తాగుతుంటే అతని కడుపు కూడా అదే రాగం తీసింది. రెండో రోజు ఖాళీ దొప్ప నాకాడు. మూడో రోజు దొప్ప ఖాళీ కాకముందే నాకాడు. వారం తిరిగేసరికి చింతాకు ఎండుటాకైంది.

తోకేశ్వరం తనిఖీకి వచ్చి చిలుకను ఊది చూశాడు. అది ఎగిరి అవతల పడింది. "ఇదేమిటండీ?"

జూలప్ప గుండె జారింది. పదవి పోతే తేనె పోతుంది, పరువూ పోతుంది. గుండె జారినప్పుడే కొందరికి బుర్ర పనిచేస్తుంది.

"ఒక్క దొప్ప చాలడం లేదండీ. చూడటానికి చిన్నదే గాని, దీని ఆకలి పెద్దది."

తోకేశ్వరం ఆ మాటే ఆకు మీద రాసుకున్నాడు: ఆకలి పెద్దది. రెండు దొప్పలకు చీటీ ఇచ్చాడు. ఇచ్చి కదలకుండా నిలబడ్డాడు. జూలప్పకు లోకం తెలుసు. "మూడు రాయండి, మూడోది తమ ఆఫీసు దగ్గర దించి వెళ్తాను" అన్నాడు.

ఆ తర్వాత చిలుక ఆకలి వానాకాలపు వాగులా పెరిగింది. మూడు అయిదయ్యాయి, అయిదు పదయ్యాయి. పంజా ముద్ర చూసి తేనెటీగలు నోరెత్తకుండా పోసేవి. దొంగతనంగా బతికిన రోజుల్లో ఏడాదికి తాగనంత తేనె జూలప్ప వారంలో తాగాడు.

రోజూ ఒకటే వరస. ఒక పువ్వులో నాలుగు చుక్కలు వేసి చింతాకు ముందు పెట్టేవాడు. మిగతా దొప్పలు ఒక్కొక్కటే ఎత్తుతూ, చిలుక వైపు చూసి కన్నుకొట్టి అనేవాడు: "పేరు నీది, నోరు నాది."

చింతాకుకు ఆ నాలుగు చుక్కలే ఎక్కువ. తాగి, నిగనిగలాడుతూ, చూరుకు తలకిందులుగా వేలాడుతూ వినేది.

అక్కడ తేనెటీగల పెద్ద జుంటమ్మ పట్టు కేసి చూసుకుంటే పట్టు సగమైంది. వానలు దగ్గర పడుతున్నాయి. పిల్లలకు తిండి లేదు. నేరుగా పులిదొర దగ్గరికి ఎగిరింది.

"దొరా, తమ ముద్ర కాదనలేక పోస్తున్నాం. ఇంకొక్క వారం పోస్తే మా పిల్లలు బతకరు. రోజుకు పది దొప్పలు తాగే చిలుక ఎంతుందో ఒక్కసారి తమ కళ్ళతో చూడండి."

పులిదొర ఆవలించాడు. "నా చిలుక గుప్పెడు జొన్నలతో సరిపెట్టుకునేది. పది దొప్పలు తాగే చిలుకను నేనూ చూడాలి. నెలాఖరు సభకు తెమ్మనండి."

కబురు వినగానే జూలప్పకు తాగినదంతా గొంతులోకొచ్చింది. రెండు రోజులు ఆలోచించి గుడిసెంత పంజరం అల్లాడు. చుట్టూ ఆకులు కప్పాడు. కింద బండరాళ్ళు పెట్టాడు. నాలుగు అడవిపందులు దాన్ని మోసుకుంటూ, మూలుగుతూ సభకు తెచ్చాయి.

"అమ్మో, ఎంత బరువో" అంది సభ.

"తేనె తాగి తాగి పెరిగిందండీ. వెలుగు పడదు, ఆకులు తీయకపోతే మేలు" అన్నాడు జూలప్ప.

పులిదొర పంజా విసిరాడు. ఆకులన్నీ ఎగిరిపోయాయి. గుడిసెంత పంజరంలో, నడిమధ్య పుల్లకు, బొటనవేలంత చిలుక తలకిందులుగా వేలాడుతోంది.

సభంతా మెడలు చాచి చూసింది.

"ఇదేనా?" అన్నాడు పులిదొర.

"తలకిందులుగా ఉందని చిన్నగా కనబడుతోంది దొరా" అన్నాడు జూలప్ప.

ఆ గొంతు వినగానే చింతాకు కళ్ళు తెరిచింది. ఆ గొంతు వినబడితే నాలుగు చుక్కలు వచ్చినట్టేనని దానికి అలవాటు. పులిదొర మొహంలో మొహం పెట్టి, జూలప్ప గొంతుతోనే, స్పష్టంగా అంది: "పేరు నీది, నోరు నాది."

పులిదొర మీసాలు నిక్కాయి. సభ్యులందరూ ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. దొర పేరు చెప్పి నాలుగు మెతుకులు నోట్లో వేసుకోనివాడు ఆ సభలో ఉంటే కదా.

"ఈ మాట దీనికెవరు నేర్పారు?"

"దానంతటదే... పుట్టుకతో..." అన్నాడు జూలప్ప.

చింతాకు ఈసారి జుర్రుమని చప్పుడు చేసింది. తర్వాత నేరేడమ్మ గొంతు తీసింది: "ఏమయ్యా, మూతి తుడుచుకో, గుమాస్తా వస్తున్నాడు."

వెనక వరసలో ఎవరో గట్టిగా నవ్వారు. నేరేడమ్మే. నేనేం చేయను, పుట్టుకతో వచ్చిన నవ్వు.

చిలుక మూడోసారి ముక్కు తెరవబోయింది. తర్వాత వచ్చేది ఎవరి గొంతో తోకేశ్వరానికి బాగా తెలుసు. ఒక్క గంతులో పంజరం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"దొరా, తొందరపడకండి. ఈ దరఖాస్తు తమ పంజా పడ్డ ఆకు. ఇందులో తేనె ముట్టడు అని ఉంది. తమ ముద్ర ఉన్న ఆకు తప్పంటే ముద్రకే మచ్చ."

"మరి తాగాడు కదా?"

"అందుకే మనవి చేస్తున్నాను. ఆకు ఒప్పే. తప్పంతా ఇతని బతుకుది. ఆకును మార్చకూడదు కాబట్టి బతుకును మార్చాలి."

పులిదొరకు నిద్ర ముంచుకొస్తోంది. ఆకు కూడా చక్కని దస్తూరీలో ఉంది. "సరే. రాసింది రాసినట్టు బతకమనండి. తేనె ముట్టనివాడికి పదవి ఇవ్వాలి కదా, అదీ ఇచ్చేయండి" అన్నాడు.

జుంటమ్మ ముందుకొచ్చింది. "చిలుక అతని తల మీదే ఉండాలి దొరా. దాని చీటీ మళ్ళీ ఒక్క దొప్పే. మూతి తనిఖీ మా ఈగలు చేస్తాయి."

"కానీయండి" అని పులిదొర కళ్ళు మూసుకున్నాడు.

అలా జూలప్ప కోరుకున్న పదవి కోరుకున్నట్టే వచ్చింది. ఇప్పుడతను తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం చేస్తాడు. ఆకు రాలినంత మెల్లగా మాట్లాడతాడు. దుంపలు తింటాడు. పొద్దంతా తేనెపట్టుల కింద కాపలా కూర్చుంటాడు. అదే చెట్టు మొదట్లో, పదవీ చిలుకా లేని అలుగు, పట్టు మీదికి పాకే చీమల్ని ఏరుకుతింటూ, పలకరిస్తే చుట్టుకుపోతూ ఉంటాడు. ఆ పట్టుకు కావలసిన కాపలా అదేనని జుంటమ్మకు తెలుసు. చెబుదామంటే దానికి దరఖాస్తు లేదు.

మధ్యాహ్నానికి చీటీ తేనె వస్తుంది. సంరక్షకుడు జూలప్పగారి పేరు మీద, ఒక దొప్ప. చింతాకు అతని తల మీదినుంచి వంగి తీరిగ్గా తాగుతుంది. ముక్కు అతని జూలుకే తుడుచుకుంటుంది. తర్వాత చెవి పట్టుకుని తలకిందులుగా వేలాడి, చెవిలోకి నెమ్మదిగా అంటుంది:

"పేరు నీది, నోరు నాది."

నీతి ఏమిటంటే, దరఖాస్తులో అబద్ధం రాసేటప్పుడు, రేపు దాని ప్రకారం బతకమంటే బతకగలిగేంత అబద్ధమే రాయాలి.

సరే, లేవండి. అన్నం చల్లారకముందే ఇళ్ళకు పోండి. తమ్ముడికని చెప్పి రెండో బెల్లంముక్క పుచ్చుకునేవాళ్ళొకరు ఈ గుంపులోనే ఉన్నారు. ఎవరో చెప్పను, పోయి భోంచేయండి.