కొళాయి వార్తకు ఇద్దరు సాక్షులు

ఊళ్ళో ఉన్న అయిదు పత్రికలనూ కొనేసిన రోజున పెద్దాయన ఒక మహత్తరమైన ప్రకటన చేశారు. "ఇక ఈ ఊళ్ళో పత్రికా స్వేచ్ఛకు అడ్డే ఉండదు. అయిదు పత్రికలూ ఒకదానితో ఒకటి హోరాహోరీగా పోటీ పడతాయి!" మర్నాడు ఆ మాట అయిదింట్లోనూ ఒకే ఫోటోతో, ఒకే చోట వచ్చింది.

పోటీ ఒకే హాల్లో జరుగుతుంది. బల్లలు అయిదు, సబ్ ఎడిటర్ ఒక్కడు. నిజం ఒక్కటే కాబట్టి రాసేవాడూ ఒక్కడు చాలని పెద్దాయన సిద్ధాంతం. సబ్ ఎడిటర్ మొదటి బల్ల దగ్గర 'నీళ్ళు పుష్కలం' అని రాసి, లేచి రెండో బల్లకు వెళ్ళి 'నీటికి కొదవ లేదు' అని రాసేవాడు. అయిదోది ప్రతిపక్ష పత్రిక. అక్కడ కాస్త కోపం తెచ్చుకుని 'ఇన్ని నీళ్ళు ఎవరి కోసం?' అని నిలదీసేవాడు. నీటి సరఫరా కాంట్రాక్టు కూడా పెద్దాయనదే కావడం ప్రజల అదృష్టం.

ఆ అదృష్టం సబ్ ఎడిటర్ ఇంటి కొళాయిలోంచి రాక తొమ్మిది రోజులైంది.

"రెండు వీధుల అవతల నుంచి మోసి మోసి నడుం విరిగింది. రేపు పేపర్లో మన కొళాయి గురించి ఒక్క ముక్క రాకపోతే, పిల్లని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను," అంది భార్య. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. సబ్ ఎడిటర్‌కు నిజంగానే భయం వేసింది.

నాలుగు లైన్లు రాసి ఎడిటర్ గారి ముందు పెట్టాడు. అయిదింటికీ ఆయనే ఎడిటర్.

"వార్త బాగుందయ్యా. కానీ మన పద్ధతి తెలుసుగా? ఫిర్యాదు వార్తయితే ఇంకో రెండు పత్రికలు ధ్రువీకరించాలి."

"ఆ రెండూ రాసేది నేనే కదండీ?"

"మరి వాటిలో రాశావా?"

"లేదండీ."

"ఎందుకు రాయలేదు?"

"మిగతా వాటిలో రాలేదని."

"చూశావా! బాధ్యత గల పత్రికలు అయిదూ వెయ్యని వార్త నేనెలా వేస్తాను?"

సబ్ ఎడిటర్ ఆలోచనలో పడ్డాడు. ఆ అయిదుగురూ తనే అయినా, అంతమంది మాట కాదనే ధైర్యం చాలలేదు. మర్నాటి హెడ్డింగు 'వీధి వీధినా జలధార'.

భార్య అది చదివింది. సంచీ సర్దుకుని, పిల్లను చంకనేసుకుని వెళ్ళిపోయింది. సబ్ ఎడిటర్ సెలవు పెట్టి, బోసిపోయిన ఇంట్లో దిగాలుగా కూర్చున్నాడు.

గంటన్నరలో ఆమె తిరిగొచ్చింది.

"ఏమైంది?" అన్నాడు, ఆనందం దాచుకోలేక.

"అమ్మ గుమ్మం దాటనివ్వలేదు. 'అయిదు పేపర్లూ అబద్ధం చెప్తున్నాయా? మొగుడితో తగువుపడి, నీళ్ళ మీదకి నెడతావా?' అని చెడామడా తిట్టింది."

"అత్తయ్యగారు లోకం తెలిసిన మనిషి," అన్నాడు సబ్ ఎడిటర్ తృప్తిగా.

"ఆ తర్వాత అటూ ఇటూ చూసి, చెవిలో ఇంకో మాట చెప్పింది."

"ఏమని?"

"'ఊరంతా నీళ్ళు పారుతుంటే మా ఒక్క కొళాయికే ఏం మాయరోగమో, పన్నెండు రోజులుగా చుక్క రాదు. ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది. సాయంత్రం అల్లుడి చేత మీ ఇంటి నుంచి రెండు బిందెలు పంపించు' అంది."