వేస్టు లేని వీధి

ఆ ఉదయం మగ్గాలకు నూనె పెట్టి తీరిగ్గా చాయ్ తాగుదామనుకున్నాడు ముత్యం. సూరత్ ఉధ్నాలోని ఓ మరమగ్గాల షెడ్డుకు అతను మేస్త్రీ. అంతలో సేటు ఫోన్ చేశాడు. బట్ట కొనే కంపెనీ తరఫున రేపు మేడం వస్తోంది. ఏ షెడ్డు ఎంత కరెంటు వాడుతోంది, ఎంత నూలు వేస్టు చేస్తోంది, ఉధ్నా అంతా లెక్క రాస్తుంది. తేడా వస్తే ఆర్డరు పోతుంది. "కచరా సబ్ దిఖానా" అన్నాడు సేటు, అంతా చూపించమని. మగ్గాల మోతలో ముత్యానికది "ఛుపానా" అని, దాచమని వినబడింది.

ఇంకేముంది! నూలు తుక్కంతా మూటలు కట్టి, ఆటోలో గోడాదరాలోని తన ఇంటికి పంపాడు.

"ఏంది ముత్యమన్నా, గిట్ల ఊడుస్తున్నవ్?" పక్క షెడ్డు మొండయ్య అడిగాడు.

"రేపు మేడమొస్తదట. వేస్టు కనవడితే ఆర్డర్ ఖతం."

సాయంత్రానికి వీధిలో ఒక్క పోగు మిగల్లేదు. అన్ని షెడ్ల మూటలూ ముత్యం ఇంటికే చేరాయి.

మర్నాడు ఆ మేడం, నీరజ, కాటా భుజాన వేసుకుని వచ్చింది. సూరత్‌లో పెరిగిన సిరిసిల్ల పిల్ల. షెడ్లన్నీ తిరిగి ముత్యం దగ్గర ఆగింది.

"వేస్టేది కాకా?"

"మా తాన ఉండది మేడం. సాఫ్ పని."

"వీధంతల ఒక్క పోగు తెగలేదా? ఝూట్ లెక్కని ఆర్డరే గుంజుకుంటరు."

ముత్యం ఉన్నదంతా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు.

"పా, ఇంటికి పోయి జోకుదాం" అందామె.

ఇంట్లో మూటల్లేవు. "అడుగు వెట్ట జాగ లేకపాయె. ఆడోళ్లం కూడి మెత్తలల్ల కూరి గల్లీల పంచినం" అంది భార్య బాలవ్వ. ముత్యం నెత్తి పట్టుకున్నాడు.

నీరజ దుపట్టా నడుముకు బిగించింది. ఇల్లిల్లూ తిరిగి ఒక్కో దిండునూ కాటాకెత్తి జోకింది. రాత్రి పాళీ చేసొచ్చి పడుకున్న మగ్గం కార్మికుడు సోమలింగం తల కింద మెత్త లాగబోయి, మనసొప్పక, అతను లేచేదాకా గడపలో కూర్చుంది.

"అందాజ రాస్తె కాదా మేడం?"

"అందాజ రాసేటందుకు నేనెందుకు కాకా?"

ఇంతటి మొండి నిజాయితీని ముత్యం ఎక్కడా చూడలేదు. "కాటా ఇటియ్యి బిడ్డా" అంటూ భుజానికెత్తుకుని ఆమె వెంట నడిచాడు.

నీరజ జరిగింది జరిగినట్టే రాసింది: దాచారు, ఒప్పుకున్నారు, సరుకంతా ఇప్పుడు జనం తలల కింద ఉంది. ముత్యం ఆర్డరుపై ఆశ వదులుకున్నాడు. కంపెనీ మాత్రం, ఉధ్నాలో వేస్టును పనికి తెచ్చిన వీధి ఇదొక్కటేనని మెచ్చుకుని ఆర్డరు పెంచింది.

ఆ మర్నాటి నుంచి పక్క వీధుల మేస్త్రీలు తమ వేస్టు కూడా కాస్త దాచిపెట్టమని ముత్యాన్ని బతిమాలుకుంటున్నారు.