కుళాయి కారుట: ఐదు దశల పరిష్కారం

మా పిల్లల బడిలో ఈ ఏడాది నుంచి సమస్యలను సొంత బుర్రతో, సొంత చేతులతో పరిష్కరించడం నేర్పుతున్నారు. పరిష్కారం ఎలా ఉండాలో ముందే అచ్చువేసి పంచిపెట్టారు కనుక పిల్లలు తడబడే ప్రమాదం లేదు.

సమస్యగా వరండా చివరి కుళాయిని ఎంపిక చేశారు. రెండేళ్లుగా నమ్మకంగా కారుతోంది. కింద గచ్చు గుంటపడింది. ఇంత నికరమైన సమస్య చుట్టుపక్కల ఏ బడికీ లేదని హెడ్మాస్టరు గారు పొంగిపోయి, దానికి ఎర్ర రిబ్బను కట్టించి, ఒక టీచరును కాపలా పెట్టారు.

దశలు ఐదు. గమనించుట, ఆలోచించుట, బొమ్మ గీయుట, థర్మకోల్ నమూనా చేయుట, ఉపన్యసించుట. చేతిపని ఉన్నది నాలుగో దశలోనే కాబట్టి అది తండ్రులకు వచ్చింది. రెండు ఆదివారాలు జిగురుతో వేళ్లు అంటించుకుని నేనూ ఒక కుళాయి చేశాను. పేరు మాత్రం మావాడి చేతే రాయించాను.

పంపుల మెకానిక్ కూతురు ఒకత్తి ఉంది, ఎనిమిదో తరగతి. గమనించమంటే నిజంగానే గమనించింది. కాపలా టీచరు టీ తాగి వచ్చేలోగా వాల్వు కట్టేసి, నాన్న పానాతో కుళాయి విప్పి, పాత సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కత్తిరించి లోపల పెట్టి బిగించేసింది. కుళాయి నోరు మూసుకుంది.

బడంతా గగ్గోలు. మర్నాడే తనిఖీ. నమూనాలు నలభై సిద్ధం. సమస్యే లేదు.

"ఎవరు చెయ్యమన్నారే నిన్ను?" అన్నారు ప్రాజెక్టు మాస్టారు.

"కారుతోంది కద సార్."

"నీ ఫైలేది? థర్మకోలేది?"

"బాగైపోయింది కద సార్, ఇంకెందుకు?"

"చూశారా, ఎదురు సమాధానం!"

సున్నా వేశారు. ప్రాజెక్టులో సున్నా వస్తే పై తరగతి లేదు. తండ్రిని పిలిపించారు. ఆయన గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"అడిగి చెయ్యాల్సింది సార్. ఇంట్లో అలవాటైపోయింది దానికి."

హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "మేము పిల్లల సృజనను ఏనాడూ అణచలేదు, అణచబోము. తన తప్పును తన చేతులతోనే దిద్దుకునే అవకాశం ఈ విద్యార్థినికి కల్పిస్తున్నాము!"

తనిఖీ అధికారి రావడానికి గంట ముందు అందరం వరండాలో గుమిగూడాం. పిల్ల పానా పట్టుకుని తండ్రి వైపు చూసింది.

"తీసెయ్ తల్లీ, ఏం కాదు," అన్నాడాయన, గచ్చు వైపు చూస్తూ.

తీసేసింది. కుళాయి కాసేపు తటపటాయించి ఒక చుక్క రాల్చింది. తర్వాత ఇంకోటి. హెడ్మాస్టరు గారు కళ్లు తుడుచుకుని, పిల్ల పాసైందని అక్కడికక్కడే ప్రకటించారు.

చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది మెకానిక్కే. పై తరగతి మరి. మీరైతే కొట్టరా?