ఎర్రక్షరాలు లేని శుక్రవారం

"శుక్రవారం ఉదయం పదింటికి పన్నెండు ఆఫీసుల్లో ఒకేసారి 'అర్జీ సేవ' మొదలవుతుంది. ఒక్క ఎర్రర్ కూడా రాదు. వస్తే నేను మంత్రిగా ఉండను!" అని మంత్రిగారు సభలో ప్రకటించారు. ఎర్రర్ అంటే ఏమిటో తెలియకుండానే దాని మీద పదవిని పణంగా పెట్టే ధైర్యం అందరికీ ఉండదు. ఆ ఊపులోనే ఇంకో వరం కూడా ఇచ్చేశారు. పర్మనెంటు కోసం కాంట్రాక్టు ఉద్యోగులు పెట్టుకున్న అర్జీలను ఆ రోజే, అందరి ముందే, స్వయంగా తేల్చేస్తారట.

వెనక వరసలో ప్రోగ్రామరమ్మాయి చప్పట్లు కొడుతూ కొడుతూ ఆగిపోయింది. 'అర్జీ సేవ' సాఫ్ట్‌వేర్ రాసింది ఆమే. పర్మనెంటు కోసం ఆరేళ్లుగా తిరుగుతున్నదీ ఆమే. అందులో ఒకటో నంబరు అర్జీ తనదే. శుక్రవారంతో కాంట్రాక్టు అయిపోతుంది. ఆశపడటమంటే ఆమెకు సిగ్గు. పడ్డాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అయినా పడింది.

బుధవారం మొదటి ఆఫీసులో ఇన్‌స్టాల్ చేసి చూశారు. తెర నిండా ఎర్రక్షరాలు. ఇంపోర్ట్ ఎర్రర్. 'అర్జీలు' అనే మాడ్యూల్, అంటే జనం పెట్టుకున్న అర్జీలన్నీ ఉన్న భాగం, దొరకలేదట.

"నీ ల్యాప్‌టాప్‌లో నడుస్తోందిగా?" అన్నాడు శాఖ డైరెక్టరు.

"నా దాంట్లో అర్జీల ఫోల్డరు పక్కనే ఉంది సార్, అందుకని దొరుకుతోంది. ఆఫీసులకు పంపే ప్యాకేజీ కట్టినప్పుడు అది లోపలికి వెళ్లలేదు."

"ఎందుకెళ్లలేదు?"

"ప్యాకేజీలో ఏమేం పెట్టాలో కమిటీ ఇచ్చిన జాబితాలో లేదు సార్."

డైరెక్టరు జాబితా తెప్పించాడు. హోదాల వరస తప్పకుండా ముచ్చటగా ఉంది. మంత్రిగారి ఫొటో, మంత్రిగారి సందేశం, ఆ సందేశాన్ని చదివే గొంతు, డైరెక్టరు ముందుమాట, శాఖ చిహ్నం, ఇలా పదహారు. పదిహేడోది అర్జీలు. ఏడు సంతకాలకు చోటు చాలక దాన్ని రెండో పేజీకి నెట్టారు. రెండో పేజీ మీద సంతకాల్లేవు కనక టైపిస్టు దాన్ని పంపలేదు. తప్పు పట్టడానికి ఎవరూ దొరకని పని.

"ఒక్క లైను కలిపితే చాలు సార్. పది నిమిషాలు."

"ఏడుగురి సంతకాలమ్మా తల్లీ! కమిటీ మళ్లీ కూర్చునేది వచ్చే నెల. నువ్వు ఆ ఎర్రక్షరాలు కనపడకుండా చెయ్యలేవూ?"

"చెయ్యొచ్చు. అర్జీలు దొరికితే తెరువు, దొరక్కపోతే ఊరుకో అని రాయొచ్చు. కానీ సార్..."

"అబ్బ, ఎంత చల్లని మాట! దొరక్కపోతే ఊరుకో. అదే రాసెయ్. 'కానీ' సంగతి సోమవారం చెబుదువుగాని."

రెండు లైన్లు రాసింది. తప్పు చేసేటప్పుడు చేతులు వణుకుతాయని ఆమె నమ్మకం. వణకలేదు. ఎన్నడూ లేనంత హాయిగా టైపు చేశాయి. అదే ఆమెను భయపెట్టింది. కావాలంటే శుక్రవారం ల్యాప్‌టాప్ విప్పి అందరికీ చూపిద్దాంలే అని మనసుకు నచ్చజెప్పింది. మనసు బేరమాడకుండా ఒప్పుకుంది.

శుక్రవారం, అర్జీల రసీదులు పట్టుకున్న జనం గుమ్మం దాటి రోడ్డు దాకా నిలబడ్డారు. మంత్రిగారు బటన్ నొక్కారు. ఫొటో వెలిగింది. గొంతు మోగింది. ఆ తర్వాత తెర మధ్యలో పెద్దక్షరాలు:

పెండింగ్ అర్జీలు: 0.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "నలభై వేల అర్జీలు! ఒక్క నొక్కుతో!" మిగతా పదకొండు ఆఫీసుల నుంచీ ఫోన్లు. అన్నిచోట్లా సున్నాయే. డైరెక్టరు వేదిక మీదే చిన్న గంతు వేశాడు.

"మరి మా ఇంటికి నీళ్ల పైపు?" అన్నాడో ముసలాయన.

"వచ్చేసింది తాతా, వెళ్లి చూసుకో" అన్నాడు డైరెక్టరు.

ఆయన పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

ఆమె వేదిక ఎక్కింది. "సార్, నా అర్జీ..."

"పెండింగ్‌లో లేదమ్మా! అభినందనలు!" అన్నారు మంత్రిగారు.

"అంటే పర్మనెంటా సార్?"

మంత్రిగారు డైరెక్టరు వైపు చూశారు. "ఆర్డరు రాందే పర్మనెంటు ఎలా అవుతుందమ్మా?" అన్నాడు డైరెక్టరు.

"ఆర్డరు కోసమేగా సార్ అర్జీ పెట్టుకుంది."

"అర్జీయే లేదుగా మరి."

ఆమె ల్యాప్‌టాప్ విప్పి బల్ల మీద పెట్టింది. పెండింగ్ అర్జీలు: 41,216. ఒకటో నంబరు ఆమెదే. మంత్రిగారు వంగి ఈ తెర చూశారు, ఆ తెర చూశారు. పన్నెండు చోట్ల సున్నా, ఒక్కచోట నలభై ఒక్క వేలు.

"అయ్యో, ఎర్రర్ దీన్లో ఉందా!" అన్నారు జాలిగా.

"ఈ ఒక్కటే మిగిలిపోయింది సార్" అన్నాడు డైరెక్టరు తలదించుకుని. తర్వాత ఆమె చెవిలో గొంతు తగ్గించాడు. "ఆ పాత ఫోల్డరు తీసేసి దీనికీ కొత్త ప్యాకేజీ వేసెయ్ తల్లీ. సోమవారం ఇంకో ఏడాది కాంట్రాక్టు రాయిస్తాను."

హాలంతా ఆమె వేలి వంకే చూస్తోంది. ఆరేళ్లలో ఆమెను ఇంతమంది చూడటం ఇదే మొదలు. అందులో ఏదో మత్తుంది. ఫోల్డరు తీసేసింది. కొత్తది వేసింది.

ఒక్క ఎర్రక్షరం కూడా రాలేదు.